కాంతి సుడి మీద కుంకుమ

కరోనాకు రెండేళ్ళ ముందు జూన్ నెలలో, వేసవి సెలవుల తరవాత కాలేజీ తెరిచిన రోజునే, లేజర్ ప్రయోగశాలకు నన్ను ఇన్‌చార్జిగా వేస్తూ ఆర్డరు చేతిలో పెట్టారు. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఉన్న ఆ కాలేజీలోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అప్పటికి నేను భౌతికశాస్త్రంలో అసోసియేట్ ప్రొఫెసర్ని. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. ఆ వయసులో కొత్త బాధ్యత అప్పగిస్తే దాన్ని గౌరవం అనుకోకూడదు. మిగతావాళ్ళందరూ తప్పించుకున్నారని అర్థం.

ఆ గది మెట్ల పక్కన, కింది అంతస్తులో ఉండేది. వెలుతురు రాకూడదు కనక కిటికీలు మూసేసి, అద్దాలకు నల్ల కాగితం అంటించి, సందుల్లో గుడ్డలు కుక్కారు. వెలుతురు రాదు, గాలీ రాదు. ఏసీ ఉంది గాని అది చల్లబరచడం మానేసి చాలాకాలమైంది. దాన్ని అలంకారం కిందే జమకట్టేవాళ్ళం. ప్రయోగాల బల్ల బరువైన రాతిపలక. అయినా గూడ్సు బండి వంతెన ఎక్కినప్పుడల్లా బల్ల మీది కాంతి వణికేది. అందువల్ల మా కొలతలన్నీ రైళ్ళ మధ్య ఖాళీల్లో నడిచేవి. నాకంటే ముందు ఇన్‌చార్జిగా ఉన్నాయన రైళ్ళ టైంటేబులు ఒకటి గోడకు అంటించి వెళ్ళాడు. గూడ్సుకు టైంటేబులు ఉండదు కనక అది ఎందుకూ పనికొచ్చేది కాదు.

గదితోపాటు ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి కూడా నాకు సంక్రమించింది. పేరు నాగమణి. ఊరు మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తండ్రి వేటకు వెళతాడు, తల్లి నర్సాపురం మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఏదో ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పనిచేస్తూ, చివరికి ఇది పూర్తిచేయడం కోసం ఆ ఉద్యోగం కూడా మానేసింది. యూనివర్సిటీ వాళ్ళు గడువు పొడిగించి పొడిగించి, ఇదే ఆఖరని రాశారు. ఆ డిసెంబరు ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నేళ్ళ చాకిరీ గోదాట్లో కలిసినట్టే. ఆ సంగతి ఆమె మొదటిరోజే నాకు చెప్పింది, ఏ జాలీ కోరకుండా, బస్సు వేళ చెప్పినట్టుగా.

ఆమె పని కాంతి సుళ్ళ మీద. సుడి అంటే మా జిల్లాల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. వరదల్లో వంతెన స్తంభాల పక్కన నీళ్ళు గిర్రున తిరుగుతూ నడుమ గుంట పడుతుంది. కాంతిని కూడా అలాగే మెలితిప్పవచ్చు. మెలిపడిన కాంతికి నడుమ వెలుగు ఉండదు. చుట్టూ వలయం, మధ్యలో చీకటి చుక్క. ఎక్కువ సమాచారం పంపడానికి, చిన్న రేణువులను పట్టి తిప్పడానికి ఇది పనికొస్తుందని ప్రపంచమంతా దీని మీద పనిచేస్తున్నారు. మేమూ చేశాం, మా ఏసీతో.

మెలితిప్పే మార్గాలు చాలా ఉన్నాయి. నాగమణిది బంగారం మార్గం. గాజుపలక మీద అతి పల్చగా బంగారం పూత పూసి, ఆ పూతలో అయాన్ల పుంజంతో సన్నని చీలికలు చెక్కుతారు. ఒక్కో చీలిక వెడల్పు తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. వాటిని గుండ్రంగా పేర్చి, ఒక్కొక్కదాన్ని దాని పక్కదానికంటే కాస్త తిప్పి చెక్కుతారు. చీలిక ఎటు వాలి ఉందో దాన్నిబట్టి అందులోంచి వచ్చే కాంతి అల కొంచెం ముందో వెనకో అవుతుంది. వలయం చుట్టి వచ్చేసరికి ఆ ముందువెనకలన్నీ కలిసి కాంతి మెలిపడుతుంది. ఈ చెక్కిన నమూనా మొత్తం కంటికి చిన్న చుక్కలా కనిపిస్తుంది.

కాంతి అల ఊగే దిశ కుడికి తిరుగుతుందా ఎడమకా అన్నదాన్నిబట్టి కాంతికి కుడివాటం, ఎడమవాటం అని రెండు తీర్లున్నాయి. క్వార్టర్ వేవ్ ప్లేటనే చిన్న బిళ్ళను తిప్పి ఏది కావాలంటే అది తయారుచేసుకోవచ్చు. కుడివాటం పంపితే సుడి ఒకవైపు తిరగాలి, ఎడమవాటం పంపితే రెండోవైపు తిరగాలి. రెండూ కొలిచి చూపితేనే ఆ మెలిక బంగారంలోని చీలికల వల్ల వచ్చిందని రుజువవుతుంది. ఒక్కటే చూపితే, మీ లెన్సులో లోపమేమో అని ఎవరైనా అనవచ్చు. నాగమణి థీసిస్ బరువంతా ఆ రెండో కొలత మీద ఉంది.

శాంపిల్ మాత్రం ఒక్కటే. అలాంటిది చెక్కే యంత్రం మా చుట్టుపక్కల లేదు. దూరాన ఒక పెద్ద సంస్థలో ఉంది. అక్కడి శాస్త్రవేత్త సరేనన్నాక కూడా యంత్రం దగ్గర కూర్చునే ఆపరేటరు సరే అనాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. నాగమణి ఏడాదిపాటు మెయిళ్ళు పెట్టి, చివరికి తనే వెళ్ళి కూర్చుని, మూడు నమూనాలు చెక్కించుకొచ్చింది. రెండు మాడిపోయాయి. మూడోది బాగా వచ్చింది. అందులోనూ కుడివైపు పైభాగంలో నాలుగైదు చీలికలు సరిగ్గా తెరుచుకోలేదు. దానివల్ల కెమెరాలో వలయం ఆ చోట కాస్త పల్చగా, మచ్చలా కనబడేది. అంతమాత్రం లోపం లేని శాంపిల్ని నా సర్వీసులో నేను చూడలేదు.

సెప్టెంబరులో కుడివాటం కొలత పూర్తిచేశాం. సుడి ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మెలిపడిన కాంతిని మామూలు కాంతితో కలిపితే కెమెరాలో దువ్వెన పళ్ళలాంటి చారలు వస్తాయి. సుడి ఉన్నచోట ఒక చార చీలుతుంది. ఒక మెలికైతే రెండుగా, రెండు మెలికలైతే మూడుగా. నాగమణి నమూనా రెండు మెలికల సుడి కోసం గీసినది. నడిమికి వచ్చిన చార చక్కగా మూడుగా చీలింది. గూడ్సు బండి వెళ్ళిపోయాక, బల్ల నిలకడపడ్డాక తీసిన ఆ ఫొటోలు నిజంగా అందంగా ఉన్నాయి. నాగమణి వాటికేసి చూసి, "వచ్చేసిందండి సార్," అని ఒక్కమాట అంది. నాకూ చాలాకాలం తరవాత ఆ గదిలో సంతోషం వేసింది.

మర్నాడే ఎడమవాటం కొలిచేస్తే ఈ కథే లేదు. అంతలో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందన్నారు. తనిఖీ అంటే మా దగ్గర ముందు సున్నం. బల్ల మీద రోజుల తరబడి సరిపెట్టిన అద్దాలు, లెన్సులు అన్నీ విప్పించి, గది ఖాళీ చేయించి, గోడలకు తెల్లరంగు వేయించారు. చీకటిగా ఉండాల్సిన గదికి తెల్లరంగు వద్దని నేను రాసి ఇచ్చాను. రంగు వేశాక ఆ కాగితం నాకు తిరిగి వచ్చింది. తనిఖీ వాళ్ళు ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు. వాళ్ళు వెళ్ళేసరికి దసరా సెలవులు దగ్గరపడ్డాయి.

సెలవులిచ్చే ముందు ఆఖరి పనిరోజున మా విభాగంలో ఆయుధపూజ చేయడం ఆనవాయితీ. ఎవరి పనిముట్టు వారు తెచ్చి అమ్మవారి పటం ముందు పెట్టి, ఎవరి చేత్తో వారు బొట్టు పెట్టాలి. వర్కుషాపువాళ్ళు రెంచీలు, మేము పుస్తకాలు, స్క్రూ గేజీలు. ఆ ఏడు పూజ మా కొత్త సున్నం గదిలోనే పెట్టారు. జరిపించేది విభాగాధిపతి విశ్వనాథం గారు. ద్రాక్షారామం దగ్గరి అర్చక కుటుంబంలో పుట్టి, ఫిజిక్సులోకి వచ్చిన మనిషి. మెత్తటివాడు. పట్టుపంచె కట్టుకుని మంత్రాలు తనే చదివి, హారతి తనే ఇచ్చేవారు. ఆ రోజు నేను లేను. సామర్లకోటలో ఒక కాలేజీకి ప్రాక్టికల్స్ పరీక్షకుడిగా వేస్తే పొద్దున్నే రైలెక్కి వెళ్ళాను.

సెలవుల తరవాత నాగమణి మళ్ళీ బల్ల మీద అన్నీ సరిపెట్టుకుంది. ఆ పనికే చాలారోజులు పట్టింది. నేను అప్పుడు పరీక్షల విభాగంలో పేపర్ల కట్టల మధ్య ఉన్నాను. ఫోను వచ్చింది.

"సార్, సుడి సరిగ్గా రావట్లేదండి. రింగు తెగిపోయిందండి."

"లేజరు వేడెక్కాక చూశావా?"

"చూశానండి. అద్దాలన్నీ మళ్ళీ పెట్టుకున్నానండి. ఏం చేసినా అంతేనండి."

వెళ్ళి చూశాను. వలయం కిందివైపు తెగి ఉంది. కుడివాటం ఫొటోల్లో నడిమధ్యన కనబడిన చీకటి చుక్క ఇప్పుడు అక్కడ లేదు. ఇలాంటప్పుడు చేయవలసిన పరీక్ష ఒకటుంది. శాంపిల్ని ఉన్నచోటే మెల్లగా తిప్పాలి. చెడు లేజరులోనో లెన్సులోనో ఉంటే తెగినచోటు కదలదు. శాంపిల్లో ఉంటే దానితోపాటు తిరుగుతుంది. తిప్పాం. తిరిగింది.

శాంపిల్ని తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. బంగారం పసుపుపచ్చగా మెరుస్తోంది. వలయం కిందివైపు చీలికల మీద ఎర్రటి రేణువులు కొన్ని కూర్చుని ఉన్నాయి. వాటిని చూసి పోల్చుకోవడానికి ఫిజిక్సు అక్కర్లేదు. మన ఇళ్ళలో పుట్టినవాళ్ళెవరైనా పోల్చుకుంటారు. నాగమణి కూడా ఒకసారి కన్నుపెట్టి చూసింది. చూసి స్టూలు మీద కూలబడింది.

ఏమైందని అడిగితే చెప్పింది. పూజకు ఎవరి పనిముట్టు వారు పెట్టమన్నారు. ఆమె పనిముట్టు ఆ శాంపిలే. దాని పెట్టె తెచ్చి పటం ముందు పెట్టింది, మూత తీసింది.

"మూత ఎందుకు తీశావమ్మా?"

"మా ఇంట్లో పడవకి బొట్టు పెట్టకుండా నీళ్ళలోకి దింపరండి. బొట్టు పడవకే పెడతాంగానీ కప్పిన గుడ్డకి పెట్టం కదండీ. అందుకని తీశాను. బంగారం తగలకుండా గాజు మూలకే పెట్టానండి, అగ్గిపుల్లతో, ఇంతంటే ఇంతే. ఆ మూల ఇప్పటికీ ఉందండి చూడండి."

చూశాను. గాజు మూల మీద ఆవగింజంత బొట్టు ఉంది. బంగారానికి చాలా దూరంగా, ఒద్దికగా పెట్టింది. అది ఎవరికీ హాని చేసేది కాదు.

"మరి ఇదెలా పడింది?"

"హారతి అయ్యాక పొగ కమ్ముకుందండి. ఎవరో ఫ్యాను వేశారండి. పళ్ళెంలో కుంకుమ లేచిందండి. వెంటనే మూత పెట్టేశాను. పడలేదనుకున్నాను."

ఆమె ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోప్పడదామన్నా ఎవరి మీద కోప్పడాలి? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

శుభ్రం చేసే ప్రయత్నాలు చేశాం. రబ్బరు బుడ్డితో గాలి ఊదితే పైపై పొడి పోయింది. కుంకుమలో నూనె జిడ్డు ఉంటుంది. మిగతా రేణువులు అతుక్కుపోయాయి. ద్రావకంలో మెల్లగా ముంచి తీస్తే కాస్త రంగు దిగింది, రేణువులు దిగలేదు. ఇంకా గట్టిగా చేయాలంటే అల్ట్రాసోనిక్ తొట్టిలో వేసి కుదపాలి. గాజు మీద బంగారం పట్టు అంతంతమాత్రం. కుదిపితే కుంకుమతోపాటు బంగారమే లేచివస్తుంది. అక్కడితో ఆపించాను. పెద్ద సంస్థకు మెయిలు పెడితే యంత్రం వచ్చే వేసవి దాకా ఖాళీ లేదన్నారు.

విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. తలుపు తీసి ఉందనీ, గోదావరి గాలికి కుంకుమ లేచి ఉంటుందనీ అన్నారు. కుంకుమ ఎర్రది, మన లేజరూ ఎర్రదే కదా, వెలుగు దాటిపోదా అని కూడా అడిగారు. దాటినా చెదిరిపోతుందని చెప్పాను. సంగతేమిటంటే ఆ రోజు నాకు పరీక్షల కట్టలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి, ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు.

రెండురోజుల తరవాత ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, ఎడమవాటం సుడి అంటే కుడివాటం సుడికి అద్దంలో బొమ్మే కదా?"

"లెక్క ప్రకారం అంతేనండి."

"మరి మన దగ్గర మంచి ఫొటోలు ఉండనే ఉన్నాయి. కంప్యూటర్లో అటుదిటు తిప్పేస్తే పోలా? లేనిది కల్పించట్లేదు కదండీ, వచ్చేదాన్నే పెడుతున్నాం. ఆడపిల్ల ఇన్నేళ్ళు పడ్డ కష్టమండి. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు."

నిద్ర పట్టకపోవడం అన్నది నాకు అతిగా అనిపించింది. ఆలోచిద్దామని పంపేశాను. ఒప్పుకోనని మొహం మీద చెప్పడానికి కూడా ఆ రోజుల్లో బలం కావాల్సివచ్చేది.

ఆయన నాగమణికి కూడా అదే మాట చెప్పినట్టున్నారు. మర్నాడు ఆమె లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద రెండు ఫొటోలున్నాయి. ఒకటి సెప్టెంబరుది. రెండోది దాన్నే తిప్పినది. చారల చీలిక ఒకదానిలో పైకి, రెండోదానిలో కిందికి తిరిగి ఉండేలా చక్కగా అమర్చింది. కింద ఏమీ రాయలేదు. ఏమైనా అంటానేమోనని నా ముఖం చూస్తోంది. గడువు ఆఖరి నెలల్లో ఉన్న మనిషి ముఖం అలాగే ఉంటుంది. కావాలని ఉంటుంది, వద్దని ఎవరైనా అంటే బాగుండుననీ ఉంటుంది.

నేను మొదటి ఫొటోలో కుడివైపు పైభాగంలో ఉన్న మచ్చ మీద వేలు పెట్టాను. సరిగ్గా తెరుచుకోని చీలికల మచ్చ. తరవాత రెండో ఫొటోలో కిందికి వెతికాను. తిప్పడంతో ఆ మచ్చ కూడా చోటు మారి కూర్చుంది.

"ఇది ఇక్కడికెలా వచ్చిందమ్మా? బిళ్ళ తిప్పితే కాంతి వాటం మారుతుంది. బంగారం మారదు కదా. సుడి తిరగాలి గానీ మచ్చ తిరగకూడదు."

ఆమె చాలాసేపు చూసింది. శాంపిల్ తిప్పితే తెగినచోటు తిరగడం తన కళ్ళతో చూసిన మనిషి. ఇక విడమరిచి చెప్పాల్సింది లేదు. లాప్‌టాప్ మూసేసి, "అయితే ఉన్నది ఉన్నట్టే కొలుద్దామండి సార్. పాస్ చేస్తే చేస్తారు, లేకపోతే లేదు," అంది. ఆ మాట వినగానే నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఎందుకంటే ఆమె గట్టిగా బతిమాలి ఉంటే నేను ఏం చేసేవాణ్ణో నాకు ఇప్పటికీ రూఢిగా తెలియదు.

నవంబరంతా కొలిచాం. కుంకుమ ఉన్నది ఉన్నట్టుగానే కుడివాటం మళ్ళీ, ఎడమవాటం మొదటిసారి. ఒక ఫొటో తీయడం, వంతెన మీద బండి చప్పుడైతే ఆగడం, మళ్ళీ తీయడం. మెడ పట్టేసేది. నాగమణి నర్సాపురం పాసింజరు పట్టుకోవడానికి పరుగెత్తేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. నడిమధ్య చీకటి చుక్క లేదు, మూడుగా చీలే చార లేదు. సుడి చచ్చిపోయిందనే అనుకున్నాం.

ఒకరోజు చారలను ఒక చివరి నుంచి వరసగా చూసుకుంటూ వస్తే ఒకచోట ఒక చార రెండుగా చీలింది. ఇంకాస్త ముందుకు వెళితే మరోచోట ఇంకొకటి రెండుగా చీలింది. రెండూ ఒకేవైపుకి. అంటే రెండు మెలికల సుడి పోలేదు, ఒక్కో మెలిక ఉన్న రెండు చిన్న సుళ్ళుగా విడిపోయింది. మొత్తం లెక్క రెండే. ఎడమవాటం పెడితే చారల్లోని ఆ రెండు చీలికలూ రెండోవైపుకి తిరిగాయి. పైన పాత మచ్చ, కింద కుంకుమ తెంపిన చోటు మాత్రం కదలకుండా ఉన్నాయి. ఇది కొత్త విషయమేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. వలయంలో ఒకచోట అడ్డం పడితే పెద్ద సుడి విడిపోతుంది గాని మెలిక మొత్తం పోదు. అయినా పుస్తకంలో చదవడం వేరు, మన కుంకుమతో మన బల్ల మీద చూడడం వేరు. నాగమణి ఆ రోజు రైలు తప్పిపోయినా పట్టించుకోలేదు.

థీసిస్ రాసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ రేణువులు ఏమిటో రాయాలి కదా. కుంకుమ అన్న మాట ఉండకూడదని విశ్వనాథం గారు పట్టుబట్టారు. పూజ వల్ల ప్రయోగం పాడైందని బయట చెప్పుకుంటే డిపార్ట్‌మెంటు పరువు పోతుందన్నారు. ఆయన సంతకం లేకపోతే థీసిస్ గడప దాటదు. డిసెంబరు వచ్చేసింది. చివరికి "బయటి నుంచి పడిన రేణువులు" అని రాశాం. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నాకు నచ్చలేదు. గడువులోగా థీసిస్ యూనివర్సిటీకి చేరింది.

వైవా మరుసటి వేసవిలో మా కాలేజీ సెమినార్ హాల్లోనే జరిగింది. వైవా అంటే థీసిస్ రాసినవాళ్ళు అందరి ముందూ నిలబడి బయటి పరీక్షకుడికి జవాబు చెప్పుకోవడం. వచ్చినాయన వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. థీసిస్ అక్షరం పొల్లుపోకుండా చదువుకొచ్చారు. మొదటి గంట సాఫీగా నడిచింది. అప్పుడు ఆయన సెప్టెంబరు ఫొటో, నవంబరు ఫొటో పక్కపక్కన పెట్టించి, ఈ రెండూ ఒకే శాంపిల్ అని నేను ఎందుకు నమ్మాలి అని అడిగారు. నాగమణి పాత మచ్చ చూపింది. అది సరే, మరి ఈ రేణువులు ఏమిటి, ఎప్పుడు పడ్డాయి, చెక్కినచోటనా ఇక్కడా, ఎలా పడ్డాయి అని వరసగా అడిగారు. అడగడం ఆయన ధర్మమే. చెక్కినచోటే పడి ఉంటే సెప్టెంబరు ఫొటోలు అబద్ధమవుతాయి.

అంత గడగడా జవాబు చెప్పిన అమ్మాయి అక్కడ ఆగిపోయింది. బల్ల కేసి చూస్తూ నిలబడింది. నాకు అర్థం కాలేదు. కుంకుమ అని చెబితే పోయేదేముంది? పరువు సంగతి తరవాత చూసుకోవచ్చు. ఆయన మళ్ళీ అడిగారు. కలం థీసిస్ మీద పెట్టారు. గైడుగా ఉన్నవాడు వైవాలో నోరు విప్పకూడదు.

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. ఇంగ్లీషులో మొదలుపెట్టారు, రెండుమాటలకే తెలుగులోకి జారిపోయారు.

"అది కుంకుమండి. దసరా పూజలో పడింది. ఫ్యాను వేసింది నేనేనండి. పట్టుపంచెలో ఉక్కపోసి వేశాను. వద్దండీ వద్దండీ అని ఈ అమ్మాయి అరుస్తూనే ఉంది. నాకు వినపడేసరికే కుంకుమ లేచిపోయింది. తనేం చెయ్యలేదండి."

పరీక్షకుడు నా కేసి చూశారు. నేను లేచి, ఆ మాటలు ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. పట్టుపంచెతో సహా. ఆయన నవ్వలేదు. సీలింగ్ ఫ్యానా, టేబుల్ ఫ్యానా అని విశ్వనాథం గారినే అడిగారు. సీలింగన్నారు ఈయన. కుంకుమ పళ్ళెం శాంపిల్‌కి ఎటువైపు ఉందని అడిగారు. ఈయన చేత్తో చూపించారు. రేణువులు వలయం కిందివైపే ఎందుకు పడ్డాయో దానితో సరిపోయింది. ఆయన తల పంకించి, థీసిస్‌లో ఆ ఒక్క వాక్యం మార్చి, జరిగింది జరిగినట్టు రాసి ఇమ్మన్నారు. డిగ్రీకి సిఫారసు చేస్తూ అక్కడే సంతకం పెట్టారు.

అందరూ వెళ్ళాక నాగమణిని అడిగాను, ఇన్నాళ్ళూ ఎవరో ఫ్యాను వేశారన్నావేమిటని.

"పెద్దాయనండి. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెందుకండి? మూత తీసింది నేనే కదా," అంది.

ఇప్పుడు ఆమె ఒక డిగ్రీ కాలేజీలో పనిచేస్తోంది. విశ్వనాథం గారూ రిటైరయ్యారు, నేనూ అయ్యాను. అలసట మాత్రం రిటైర్ కాలేదు.

ఆ ఉదంతంలో నేను నేర్చుకున్నది చెబుతాను. తెగినచోటు శాంపిల్లో ఉందా లేజరులో ఉందా అన్నది తిప్పి చూస్తే ఒక్క పూటలో తేలింది. ఫ్యాను సంగతి తేలడానికి నెలలు పట్టింది. కిటికీలకు గుడ్డలు కుక్కిన గదిలోకి, మెట్ల పక్క తలుపు తీసినంతమాత్రాన గోదావరి గాలి ఎలా వస్తుందని నాకు తట్టకపోలేదు, అడగలేదు. అడిగి ఉంటే ఆయన మళ్ళీ బొంకేవారు, ఆ బొంకును మోస్తూ ఇద్దరం రిటైరయ్యేవాళ్ళం. ఎలా జరిగిందని అడగడం మన పని. ఎవరు చేశారన్నది చేసినవాళ్ళు చెప్పుకోవాలి, అందుకు వాళ్ళకు కొంత వ్యవధి పడుతుంది.

వైవా జరిగిన ఏడు దసరాకు కూడా పూజ ఆ గదిలోనే జరిగింది. శాంపిల్ పెట్టె మూత తీయలేదు, బొట్టు మూతకే పెట్టాం. మంత్రాలు విశ్వనాథం గారే చదివారు. హారతి పళ్ళెం మాత్రం నా చేతికిచ్చి, తను వెళ్ళి ఫ్యాను స్విచ్చికి వీపు ఆనించి, పట్టుపంచె తడిసిపోయేదాకా, అందరం కళ్ళకద్దుకోవడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.